ఊరి చరిత్ర కావాలంటే ఫ్యునెరల్ హోమ్‌కి దారి అడగండి

వారెన్స్‌బర్గ్ మనవాళ్లకి కొత్త ఊరేం కాదు. మిస్సోరి రాష్ట్రంలో, కాన్సస్ సిటీ నుంచి తూర్పుకి కారులో గంట దూరం. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరిలో ఎంఎస్ చేయడానికి వచ్చి, రెండేళ్లు ఉండి, ఉద్యోగం దొరగ్గానే డాలస్‌కో షార్లెట్‌కో సామాను సర్దేసిన తెలుగు పిల్లలు ఎంతోమంది. ఊరెలా ఉంటుందని అడిగితే వాల్‌మార్ట్ ఎటుందో చెప్తారు, ఇండియన్ స్టోర్‌కి వెళ్లడానికి వారం వారం ఎవరి కారు బతిమాలేవాళ్లో చెప్తారు. నేనూ ఆ బాపతే. కాకపోతే నాకు ఉద్యోగం ఇక్కడే దొరికింది, ఉండిపోయాను. ఉండిపోయాక ఊరి సంగతేమిటో తెలుసుకుందామని బుద్ధి పుట్టింది.

అందరిలాగే నేనూ ముందు లైబ్రరీకే వెళ్లాను. మిడ్‌వెస్ట్‌లో ఏ కౌంటీకి (మన జిల్లా లాంటిది) వెళ్లినా 1880ల నాటి లావుపాటి కౌంటీ చరిత్ర ఒకటి అద్దాల బీరువాలో ఉంటుంది. అది చూసి మోసపోకండి. వాటిలో చాలా భాగం ముందుగా చందా కట్టినవాళ్ల జీవిత చరిత్రలే. కట్టినవాడు మహానుభావుడు, కట్టనివాడు ఊళ్లో పుట్టనే లేదు. ఫ్యునెరల్ హోమ్, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చేసిపెట్టే సంస్థ, దాని లెక్క వేరు. మేయరైనా, రైల్వే కూలీ అయినా, మూడు రోజుల పసిగుడ్డయినా చివరికి వాళ్ల చిట్టా పుస్తకంలో ఒక గీత మీదకి రావాల్సిందే. గయలో పండా దగ్గరికి వెళ్లి మీ ఊరు, ఇంటిపేరు చెప్తే పాత చిట్టాలు తిరగేసి తాతముత్తాతల పేర్లు చదువుతాడు చూడండి, ఇక్కడ ఆ పని చేయగలిగినవాడు ఆ హోమ్ నడిపే అండర్‌టేకరే.

నాకు నాలుగేళ్లు పట్టిన ఈ పద్ధతిని మీకు నాలుగు నెలల్లో అయ్యేలా చెప్తాను. ఉదాహరణలన్నీ వారెన్స్‌బర్గ్‌వి. మీరు ఇండియానాలో ఉన్నా అయోవాలో ఉన్నా పద్ధతి ఇదే, సంవత్సరాలు మాత్రం మారతాయి.

మొదటి అడుగు: ఊరిని వదిలేసి ఒక మనిషిని పట్టుకోండి

"వారెన్స్‌బర్గ్ చరిత్ర" అని వెతికితే ఏమీ తేలదు. ఈ ఊళ్లో చనిపోయిన ఒక మనిషిని ఎంచుకోండి. 1910కీ 1950కీ మధ్య పోయినవాళ్లయితే కాగితాలు బాగా దొరుకుతాయి.

నేను మొదట పట్టుకున్నది జాన్ విలియం బూన్‌ని. బ్లైండ్ బూన్ అంటే ఇక్కడ ఇప్పటికీ తెలుసు. 1864లో అంతర్యుద్ధం నడుస్తుండగా మిస్సోరిలోనే యూనియన్ సైనికుల శిబిరంలో పుట్టాడు. తల్లి రేచల్, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి ఆ శిబిరంలో వంట చేసేది. ఆరు నెలల పిల్లాడికి మెదడు జ్వరం వస్తే ప్రాణం నిలపడానికి కళ్లు తీసేశారు. పెరిగింది వారెన్స్‌బర్గ్‌లో. తరవాత పియానో కచేరీలతో దేశమంతా తిరిగాడు. 1927 అక్టోబరు 4న ఈ ఊళ్లోనే గుండె ఆగి పోయాడు. కానీ సమాధి ఇక్కడ లేదు, తూర్పున మిస్సోరిలోనే కొలంబియా అనే ఊళ్లో ఉంది. ఒక ఊళ్లో పోయి ఇంకో ఊళ్లో మట్టిలో కలిసినవాళ్లు కొత్తగా నేర్చుకునేవాళ్లకి మంచి పాఠం. రెండు ఊళ్ల కాగితాలూ చూడాల్సి వస్తుంది, మధ్యలో రైలు ఎలా నడిచిందో కూడా తెలుస్తుంది.

రెండో అడుగు: మరణ ధ్రువపత్రాన్ని కింద నుంచి చదవండి

ఈ విషయంలో మిస్సోరివాళ్లు అదృష్టవంతులు. ఇక్కడ రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు 1910లో మొదలైంది. యాభై ఏళ్లు దాటిన ధ్రువపత్రాల బొమ్మలన్నీ రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లు మిస్సోరి డిజిటల్ హెరిటేజ్ అనే సైట్‌లో ఉచితంగా పెట్టారు. పేరు, కౌంటీ, ఏడాది కొడితే చాలు. మిగతా రాష్ట్రాల్లో లెక్క వేరు. ఇల్లినాయ్‌లో రాష్ట్ర స్థాయి నమోదు 1916 నుంచి, ఒహాయోలో 1908 డిసెంబరు నుంచి. అంతకు ముందువి ఒహాయోలో 1867 నుంచి ప్రొబేట్ (వీలునామాల) కోర్టుల్లో, ఇండియానాలో 1882 నుంచి కౌంటీ హెల్త్ ఆఫీసుల్లో, అయోవాలో 1880 నుంచి కౌంటీ కోర్టుల్లో రాసేవారు. మీది ఏ రాష్ట్రమైతే ఆ ఏడాది చీటీ మీద రాసి గోడకి అంటించుకోండి. దానికి ముందు కాలంలో ధ్రువపత్రం కోసం వెతికి వారాలు పాడుచేసుకోకుండా ఉంటారు.

కాగితం తెరవగానే అందరి కళ్లూ పోయేది జబ్బు మీదకి. మీరు కిందకి చూడండి. "ఖననం చేసిన చోటు లేదా తరలించిన చోటు", "ఖననం తేదీ", ఆ పక్కనే "అండర్‌టేకర్, చిరునామా" అని మూడు గళ్లుంటాయి. ఊరి చరిత్ర ఉన్నది ఆ మూడింటిలోనే. పోయిన తేదీకీ పూడ్చిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. ఒక్క రోజే అయితే అంటువ్యాధి కావచ్చు, పేదరికం కావచ్చు, మండు వేసవి కావచ్చు. అయిదారు రోజులైతే ఎవరో దూరం నుంచి రైల్లో రావాలి, అందాకా శరీరాన్ని నిలిపి ఉంచారన్నమాట. అండర్‌టేకర్ చిరునామా ఈ ఊరిది కాకుండా సెడేలియాదో కాన్సస్ సిటీదో అయితే ఎందుకని అడగండి. ఊళ్లో కొట్టు లేకా? ఉన్నా ఈ కుటుంబాన్ని రానివ్వకా? "రంగు లేదా జాతి" అనే గడి ఇంకొంచెం పైనుంది. రెంటినీ కలిపి చదవండి.

ఇంకో గడి ఉంది, సమాచారం ఇచ్చినవారి పేరు. పోయినవాళ్లు తమ గురించి తాము చెప్పుకోలేరు కదా, అల్లుడో పక్కింటివాడో చెప్పి ఉంటాడు. అత్తగారి తల్లి పుట్టింటి పేరు అల్లుడికేం తెలుస్తుంది? అందుకే తల్లిదండ్రుల గళ్లలో చాలాసార్లు "తెలియదు" అని ఉంటుంది. పుట్టిన తేదీల్ని కూడా దేవుడి మాటలా పట్టుకోకండి. పోయిన తేదీ, పూడ్చిన తేదీ, డాక్టరు సంతకం, అండర్‌టేకర్ పేరు మాత్రం ఆ రోజు కళ్లతో చూసినవాళ్లు రాసినవి.

మూడో అడుగు: కుర్చీలమ్మిన కొట్టుని వెతకండి

అండర్‌టేకర్ పేరు దొరికిందా? ఇప్పుడు అతని కొట్టు ఎక్కడుండేదో చూడాలి. శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం గీయించిన పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, మిస్సోరివైతే యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి డిజిటల్ లైబ్రరీలో దొరుకుతాయి. ఒక్కో భవనం గీశారు. గులాబి రంగు వేస్తే ఇటుక కట్టడం, పసుపు అయితే చెక్క, నీలం అయితే రాయి. కొట్టు మీద ఏం వ్యాపారమో పొడి అక్షరాల్లో రాస్తారు.

అండర్‌టేకర్ అని విడిగా వెతికితే దొరక్కపోవచ్చు. ఫర్నిచర్ కొట్టు వెతకండి. పందొమ్మిదో శతాబ్దపు మిడ్‌వెస్ట్ ఊళ్లో బల్లలు, మంచాలు చేసే వడ్రంగే శవపేటిక కూడా చేసేవాడు. చెక్క అతని దగ్గరుంది, కొలతలు తీసుకోవడం వచ్చు, ఇంకెవరు చేస్తారు? కింద కుర్చీలు, పై అంతస్తులో పేటికలు. శవాన్ని మోసే గుర్రబ్బండి పక్క వీధి గుర్రాలశాల నుంచి అద్దెకొచ్చేది. శవం మాత్రం ఇంట్లోనే, ముందు గదిలో ఉండేది. శుభ్రం చేసి బట్టలు తొడగడం ఇరుగుపొరుగు ఆడవాళ్ల పని.

ఇది మారడానికి కారణం యుద్ధమూ, రైలూ. అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల్ని ఇళ్లకి పంపడానికి ఎంబామింగ్, అంటే శవం పాడవకుండా మందులెక్కించడం, మొదలైంది. 1865లో లింకన్ శరీరాన్ని అలాగే నిలిపి, వాషింగ్టన్ నుంచి ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా దాదాపు పదమూడు రోజులపాటు రైల్లో తీసుకెళ్లారు. కొలంబస్, ఇండియానాపొలిస్, షికాగోల్లో జనం బారులు తీరి ఆ ముఖం చూశారు. అలా కూడా చేయొచ్చని మామూలు జనానికి తెలిసింది. ఆ తర్వాత వడ్రంగి మెల్లగా ఎంబామర్ అయ్యాడు. 1882లో వాళ్లకి జాతీయ సంఘం ఏర్పడింది. రైలొచ్చాక పేటికలు కూడా ఫ్యాక్టరీల నుంచి దిగాయి. ఇండియానాలో బేట్స్‌విల్ అని చిన్న ఊరు, 1906లో హిల్లెన్‌బ్రాండ్ కుటుంబం అక్కడి పేటికల కంపెనీ కొన్నది. నేటికీ అమెరికాలో పేటికలంటే ముందు వినిపించే పేరు అదే.

వారెన్స్‌బర్గ్‌లో రైలు కథ ఇంకా ముఖ్యం. 1864లో పసిఫిక్ రైల్‌రోడ్ వచ్చేదాకా ఊరు పడమటి గుట్ట మీద ఉండేది. పట్టాలు పడ్డాక వ్యాపారమంతా స్టేషన్ దగ్గరికి దిగింది. పాత కోర్టు మాత్రం పాత ఊళ్లో మిగిలిపోయింది. పటం చూసేటప్పుడు పాత ఊరు, కొత్త ఊరు అనే తేడా గుర్తుంచుకోకపోతే కొట్టుని తప్పు వీధిలో వెతుకుతారు. నేను వెతికాను.

నాలుగో అడుగు: పత్రికలు

ఈ పని ఇంట్లో కూర్చుని చేసేదే. మిస్సోరివైతే స్టేట్ హిస్టారికల్ సొసైటీ డిజిటల్ పత్రికల్లో, ఇతర రాష్ట్రాలవి క్రానిక్లింగ్ అమెరికాలో, ఇండియానావి హూసియర్ స్టేట్ క్రానికల్స్‌లో చూడండి. మరణవార్త ఒక్కటే చూసి మూసేయకండి. ఆ తరవాతి వారం "కృతజ్ఞతలు" అని కుటుంబం వేయించే చిన్న ప్రకటన చూడండి. పూలు పంపినవాళ్లు, పాటలు పాడినవాళ్లు, ఏ చర్చి, ఏ లాడ్జి (హోటల్ కాదు, సభ్యుల సంఘం), అన్నీ అక్కడుంటాయి. అండర్‌టేకర్ వేసుకున్న ప్రకటనలు కూడా వరసగా చూడండి. "ఫర్నిచర్, తివాచీలు, అండర్‌టేకింగ్" అన్నవాడు కొన్నేళ్లకి "లేడీ అసిస్టెంట్ ఉన్నారు" అంటాడు. ఆ లేడీ అసిస్టెంట్ చాలాసార్లు అతని భార్యే. జీతం పుస్తకంలో ఆవిడ పేరు వెతికితే దొరకదు.

అయిదో అడుగు: సమాధుల మధ్య నడవండి

వారెన్స్‌బర్గ్‌లో పెద్ద శ్మశానం సన్‌సెట్ హిల్. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో అరిగిపోయిన అక్షరాలు లేస్తాయి. ఎండ లేకపోతే చేతి అద్దంతో వెలుగుని పక్క నుంచి రాయి మీదకి కొట్టండి. సుద్ద రాయడం, షేవింగ్ క్రీమ్ పూయడం, ఇనప బ్రష్‌తో తోమడం పాత వీడియోల్లో చూసి ఉంటారు, దయచేసి చేయకండి. నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే.

నరికిన చెట్టు మొద్దులా చెక్కిన రాళ్లు కనిపిస్తే శిల్పి సరదా అనుకోకండి. అవి ఎక్కువగా వుడ్‌మెన్ సంఘాల గుర్తు. మోడర్న్ వుడ్‌మెన్ 1883లో అయోవాలో, వుడ్‌మెన్ ఆఫ్ ద వరల్డ్ 1890లో ఒమాహాలో పుట్టాయి. సభ్యుడు పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా సంఘాలవి. కాస్త నీలి బూడిద రంగులో, ఎంత పాతదైనా అక్షరం చెక్కుచెదరని సమాధి కనిపిస్తే వేలితో మెల్లగా తట్టండి. లోపల బోలుగా మోగుతుంది. రాయి కాదు, జింకు. కనెటికట్‌లోని ఒక కంపెనీ 1870ల నుంచి 1914 దాకా "వైట్ బ్రాంజ్" అని ముద్దుపేరు పెట్టి అమ్మింది.

రాయి లేని చోట్లు ఇంకా ఎక్కువ చెప్తాయి. బ్లైండ్ బూన్ అంత పేరున్నవాడు, అతని సమాధి మీద 1971 దాకా రాయే లేదు. ఇదే ఊళ్లో కోర్టు ముందు ఓల్డ్ డ్రమ్ అనే కుక్కకి 1958లోనే విగ్రహం లేచింది. 1869లో దాన్ని ఎవరో కాల్చి చంపితే యజమాని కోర్టుకెక్కాడు. 1870లో పాత కోర్టులో జార్జ్ వెస్ట్ అనే లాయరు ఆ కుక్క కోసం చేసిన చరమ ప్రసంగం విని జ్యూరీ యాభై డాలర్లు ఇప్పించింది. ఆ లాయరు తరవాత సెనేటర్ అయ్యాడు. కుక్క మీద నాకు కోపమేం లేదు, దాని విగ్రహం పక్కన నిలబడి నేనూ ఫొటో దిగాను. 1958, 1971, ఈ రెండు సంవత్సరాలూ నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకున్నప్పటి నుంచి ఆ ఫొటో ఎవరికీ చూపించలేదు.

ఆరో అడుగు: ఫ్యునెరల్ హోమ్ తలుపు తట్టడం

ఇక్కడే అందరూ వెనకాడతారు. నేనైతే మొదటిసారి తప్పుగా వెళ్లాను. శనివారం పొద్దున జీన్స్ వేసుకుని, ముందుగా ఫోన్ చేయకుండా, ఊరి అవతలి కౌంటీలో ఒక చోటికి వెళ్లి తలుపు తోశాను. లోపల తివాచీ మీద అడుగుల చప్పుడు కూడా వినిపించదు. నల్లకోటు పెద్దాయన ఎదురొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "మీరు ఏ కుటుంబం తరఫునండీ?"

"ఎవరి తరఫునా కాదండి, పాత పుస్తకాలు చూద్దామని..."

ఆయన వెనక గదిలో పూలు సర్దుతున్నారు. ఇంకో అరగంటలో ఒక కుటుంబం వస్తోందట, చివరి చూపులకి. "మంగళవారం రండి బాబూ" అని మర్యాదగానే తలుపు దాకా దిగబెట్టాడు. తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి ఇలా చేయండి. ముందు ఫోన్ చేసి, పోయినవాళ్ల పని మీద కాదు, చరిత్ర పని మీద అని మొదటి వాక్యంలోనే చెప్పండి. లేకపోతే అవతలివాళ్లు సంతాపం మొదలుపెడతారు. వారం మధ్యలో రోజు అడగండి. వాళ్లకి ఆరోజు అంత్యక్రియలుంటే మీ అపాయింట్‌మెంటు పోతుంది, ఏమీ అనుకోకండి. ఇస్త్రీ చొక్కా వేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ చేతులతో వెళ్లకండి. అండర్‌టేకర్ గడిలో వాళ్ల కొట్టు పాత పేరున్న మరణ ధ్రువపత్రం ఒకటి ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. రెండోసారి నేను 1914 నాటిది ఒకటి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ సంతకం మీద వేలు ఆన్చాడు. "ఇది మా నాన్నగారికి పని నేర్పినాయన రాత." తరవాత నేను అడగాల్సిన పని లేకపోయింది, ఆయనే అటక మెట్లు చూపించాడు.

పేరు పలక కూడా జాగ్రత్తగా చదవండి. చిన్న ఊళ్లలో ఫ్యునెరల్ హోమ్ పేరు మూడు నాలుగు ఇంటిపేర్లతో గీతలు కలుపుకుని పొడుగ్గా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి చదివితే చాలాచోట్ల అది యజమానుల వరస. అయితే పలక మీద ఉన్న కుటుంబం చేతిలోనే వ్యాపారం ఉందని అనుకోకండి. పెద్ద కంపెనీలు కొన్నా పాత పేరు తీయవు, ఊరి నమ్మకం ఆ పేరు మీదే ఉంటుంది కనక. అప్పుడు పాత పుస్తకాలు ఎక్కడికి పోయాయో అడగాలి. హిస్టారికల్ సొసైటీకి ఇచ్చి ఉండొచ్చు, పాత యజమాని మనవరాలి గరాజ్‌లో ఉండొచ్చు. వారెన్స్‌బర్గ్‌లో పాత కోర్టు భవనం జాన్సన్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ చేతిలోనే ఉంది. అలాంటి చోట అడగడం మీ రెండో దారి.

ఒక్క సంగతి మరవకండి. ఆ పుస్తకాలు ప్రభుత్వ రికార్డులు కావు, ఒక వ్యాపారి సొంత ఆస్తి. చూపించనంటే చూపించడు, అడిగే హక్కు మనకి లేదు. "1940కి ముందువి మాత్రమే, అదీ మీ ఎదురుగానే చూస్తాను, స్కాన్ కాపీ మీకిస్తాను" అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

బయటికొచ్చేటప్పుడు నాకు చిన్న ఇబ్బంది. చావింట్లో "వెళ్లొస్తాను" అనకూడదని అమ్మ నేర్పిన అలవాటు. ఇక్కడేమో ఆయన నవ్వుతూ "మళ్లీ రండి" అంటాడు. తలూపి వచ్చేస్తాను. ఇంటికొచ్చాక మా ఆవిడ నన్ను నేరుగా స్నానాల గదిలోకే పంపుతుంది, పుస్తకం వందేళ్ల నాటిదే అని ఎంత మొత్తుకున్నా.

ఏడో అడుగు: చిట్టా చదవడం

పాత చిట్టాలో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, లేదా సగం పేజీ. పైన పేరు, వయసు, ఎక్కడ పోయారు. కింద లెక్క. పేటిక, దాని బయట పెట్టే ముతక చెక్క పెట్టె, ఎంబామింగ్, బట్టలు, మోసేవాళ్ల చేతి తొడుగులు, బండి, గుంట తవ్వినందుకు, పత్రికలో ప్రకటనకి, టెలిగ్రాంకి. ఎవరి ఖాతాలో రాయాలో ఒక గడి. ఆ గడి దగ్గర ఆగండి. కొడుకు పేరుంటే సరే. లాడ్జి పేరుంటే పోయినవాడు సంఘం మనిషి. "కౌంటీ" అని ఉంటే కౌంటీ నడిపే పేదల ఆశ్రమంలోనో, అయినవాళ్లు లేకుండానో పోయాడని. కుడివైపు ఎప్పుడెప్పుడు ఎంత కట్టారో ఉంటుంది. కొన్ని పేజీల్లో ఆ గళ్లు ఏళ్ల తరబడి రెండేసి డాలర్లతో సాగుతాయి. తల్లి పేటిక అప్పు తీరేలోపు తండ్రి పేజీ మొదలైన కుటుంబాన్ని నేను ఒక పుస్తకంలో చూశాను.

1918 అక్టోబరు, నవంబరు పేజీలు తప్పకుండా చూడండి. స్పానిష్ ఫ్లూ గురించి ఎన్ని వ్యాసాలు చదివినా రాని అవగాహన చేతిరాతలో వస్తుంది. నేను చూసినదాంట్లో సెప్టెంబరు దాకా గుండ్రంగా, తీరుబడిగా ఉన్న రాత అక్టోబరు మూడో వారానికి వాలిపోయి, ఇంటిపేరు, వయసు, పేటిక కొలత మాత్రమే మిగిలింది. తరవాత వారంపాటు వేరే ఎవరిదో రాత.

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. పుస్తకంలో పేరుంది కాబట్టి మనిషి పోయాడని రాసేస్తారు. 1960లు, 70ల దాకా చిన్న ఊళ్లలో అంబులెన్సు నడిపిందీ ఫ్యునెరల్ హోమే. మనిషిని పడుకోబెట్టేంత పొడుగైన బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది మరి. అదే బండి, అదే డ్రైవరు, పైన దీపం పెడితే అంబులెన్సు. ఆసుపత్రి ట్రిప్పు లెక్కలు కూడా అదే చిట్టాలో ఉంటాయి. ప్రసవానికి తీసుకెళ్లిన ఆవిణ్ణి మీరు సమాధిలో వెతుకుతూ కూర్చుంటారు.

ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, పుస్తకం వెన్ను విరిగేలా తెరవద్దు, పేజీ నంబరు ప్రతి ఫొటోలో పడాలి. అట్ట లోపలివైపు కూడా తీయండి, ఫోన్ నంబర్లు, ధరలు అక్కడే గీకి ఉంటాయి. పెన్ను బ్యాగులోనే ఉంచి పెన్సిల్ వాడండి. పాత సామాన్ల దుకాణాల్లో ఫ్యునెరల్ హోమ్ పేరు అచ్చువేసిన అట్ట విసనకర్రలు దొరుకుతాయి. ఏసీలు లేని చర్చిల్లో ఊపుకోవడానికి ఉచితంగా పంచేవారు. ఒక డాలరో రెండో పెడితే కొట్టు పేరు, చిరునామా, మూడంకెల ఫోన్ నంబరు మీ చేతికొస్తాయి. వాటితో కొట్టు ఏ దశాబ్దంలో ఏ వీధిలో ఉందో పట్టేయొచ్చు.

చూసినవన్నీ బయట పెట్టకండి. ఆత్మహత్యలు, పెళ్లికాని తల్లుల పిల్లలు, బాకీ ఎగ్గొట్టిన కొడుకులు... వాళ్ల మనవలు ఇదే ఊళ్లో, మీ బ్యాంకు కౌంటరు వెనకే ఉన్నారు.

ఎనిమిదో అడుగు: మనవాళ్ల పేజీ

ఇప్పుడు ఆ ఫ్యునెరల్ హోమ్‌ల ఫైళ్లలో మన పేర్లూ ఉన్నాయి. రోడ్డు ప్రమాదంలోనో, చెరువులోనో, నిద్రలోనో పోయిన పిల్లలు. శరీరాన్ని ఇండియా పంపాలంటే ఎంబామింగ్ పత్రం, మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేట్ అనుమతి కావాలి. మిస్సోరికి కాన్సులేట్ షికాగోలో ఉంది. ఆ వరస తెలిసిన ఫ్యునెరల్ డైరెక్టరు ఇలాంటి చిన్న ఊళ్లలో కూడా ఉంటాడు. ఇక్కడే దహనం చేసిన పెద్దవాళ్లయితే అస్థికలు గోదావరికో కృష్ణకో వెళ్లిపోతాయి. సన్‌సెట్ హిల్‌లో వాళ్లకి రాయి ఉండదు. 2070ల్లో ఎవరైనా ఈ ఊళ్లో తెలుగువాళ్లున్నారా అని వెతికితే దొరికేది ఆ ధ్రువపత్రం ఒక్కటే.

అందుకని, అలాంటి రోజు వచ్చి మీరు ఆ కుటుంబం పక్కన కూర్చోవాల్సి వస్తే, డైరెక్టరు కంప్యూటర్‌లో గళ్లు నింపుతున్నప్పుడు పక్క నుంచి చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా లేకపోతే వీసాలో పేరు బదులు "ఎఫ్ఎన్‌యు" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని పడి ఉంటుంది. దాన్ని చూసి కొందరు అదే మనిషి పేరనుకుని ఎక్కించేస్తారు. వద్దని చెప్పండి. ఇంటిపేరుని చివరి పేరు గడిలో, పూర్తిగా, కుటుంబం రాసుకునే స్పెల్లింగ్‌తో రాయించండి. పుట్టిన ఊరి గడిలో "ఇండియా" అని ఆపేయబోతే ఊరు, జిల్లా కూడా చెప్పండి, ఎంతవరకు పడితే అంతవరకు. తల్లి పేరు గడి వచ్చినప్పుడు పెళ్లికి ముందు ఇంటిపేరు అడుగుతారు. గదిలో ఎవరికీ గుర్తులేకపోతే "తెలియదు" అని రాయనివ్వకండి, అక్కడ తెల్లవారుజామైనా సరే, ఇంటికి ఫోన్ చేయండి.